విపత్తులో సోషల్ మీడియా: ఫోన్ లేని ఇంటి కబురు కూడా బయటికి చేరాలంటే

2012 అక్టోబరులో శాండీ తుపాను అమెరికా తూర్పు తీరాన్ని ముంచినప్పుడు దాని గురించి 2 కోట్లకు పైగా ట్వీట్లు వచ్చాయి. న్యూయార్క్‌లో వాటిలో ఎక్కువ భాగం మన్‌హటన్ నుంచి వచ్చినవే. దారుణంగా దెబ్బతిన్న బ్రీజీ పాయింట్, కోనీ ఐలాండ్, రాకవే ప్రాంతాల నుంచి వచ్చినవి చాలా తక్కువ. ఒక్క ట్విట్టర్‌నే చూస్తూ కూర్చున్నవాళ్లకు అసలు తుపాను మన్‌హటన్‌కే వచ్చిందనిపించి ఉంటుంది.

విపత్తులో సోషల్ మీడియాకు ఉన్న పెద్ద లోపం ఇదే. చార్జింగ్, డేటా, రాయడం వచ్చిన మనిషి, బయట తెలిసినవాళ్లు, ఈ నాలుగూ ఉన్న ఇంటి మొరే బయటికి వినిపిస్తుంది. పేద బస్తీల్లో, మారుమూల ఊళ్లలో, వలస కూలీల షెడ్లలో ఈ నాలుగూ ఒకే ఇంట్లో ఉండటం అరుదు. కాబట్టి అలాంటి చోట "యాప్ ఎలా వాడాలి" అని నేర్పితే సరిపోదు. ఫోన్ లేనివాళ్ల మాటను ఫోన్ ఉన్నవాళ్ల దాకా, అక్కడి నుంచి బోటు పంపగలిగేవాళ్ల దాకా మోసే మనుషుల్ని ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఈ మార్గదర్శి. యువజన సంఘం, పొదుపు సంఘం, స్కూలు టీచరు, ఆరోగ్య కార్యకర్త, ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

మొదటి అడుగు: ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉందో కాగితం మీద రాయండి

విపత్తు లేని రోజుల్లో ఇల్లిల్లూ తిరగండి. ప్రతి ఇంటి దగ్గరా అడగాల్సినవి కొన్నే. ఇంట్లో ఎన్ని ఫోన్లు ఉన్నాయి, వాటిలో నెట్ ఉన్నవెన్ని? పగలు ఆ ఫోన్ ఇంట్లో ఉంటుందా, పనికి వెళ్లినవాళ్ల జేబులో ఉంటుందా? మెసేజ్ చదవగలరా, వాయిస్ అయితేనే అర్థమవుతుందా? ఏ భాషలో? నడవలేనివాళ్లు, గర్భిణులు, ఆక్సిజన్ లేదా డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, వినపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?

వీటిలో రెండో ప్రశ్నను ఎవరూ అడగరు. నిజానికి అదే ముఖ్యం. "ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది" అని రాసుకుంటాం, తీరా చూస్తే అది మధ్యాహ్నం పూట భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. నీళ్లు వచ్చే వేళకు ఇంట్లో ఉండేది అత్త, కోడలు, పిల్లలు. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడే అవకాశం మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు సుమారు 15 శాతం తక్కువని మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్ఎమ్ఏ 2024 నివేదిక చెప్పింది. అందుకే ఈ సర్వేలో ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి.

ఫోన్ లేని ప్రతి ఇంటికీ ఫోన్ ఉన్న ఒక పొరుగు ఇంటిని జత చేయండి. ఈ జతల పట్టికను కాగితం మీద రెండు కాపీలు రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇద్దరి దగ్గర ఉంచండి. దీన్ని మాత్రం గ్రూపులో పెట్టకండి. ఒంటరిగా ఉండేవాళ్లెవరో, జబ్బు మనుషులెవరో ఊరంతా తెలియాల్సిన అవసరం లేదు.

రెండో అడుగు: ఐదుగురు మనుషులు, ఐదు పనులు

ఒకరు వినేవాళ్లు: జత ఇళ్ల నుంచి వచ్చే సమాచారం తీసుకుంటారు. ఒకరు రాసేవాళ్లు: దాన్ని పద్ధతి ప్రకారం రిక్వెస్ట్‌గా మారుస్తారు. ఒకరు సరిచూసేవాళ్లు. ఇంకొకరు రిజిస్టరు చూసుకుంటారు, ఏ రిక్వెస్ట్ ఎంతవరకు వచ్చిందో ఆ మనిషికి తెలిసి ఉండాలి.

ఐదో మనిషి మీ ఊళ్లో ఉండకూడదు. వేరే నగరంలోనో వేరే దేశంలోనో ఉన్న మీ ఊరి మనిషి కావాలి. విపత్తు వేళ ఆ మనిషికి కరెంటు ఉంటుంది, నెట్ ఉంటుంది, గంటల తరబడి కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసే ఓపిక ఉంటుంది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక 4636 అనే ఉచిత ఎస్సెమ్మెస్ నంబరును రేడియోలో ప్రకటించారు. జనం తమ క్రియోల్ భాషలో మెసేజ్‌లు పంపితే, విదేశాల్లో ఉన్న హైతీ వాళ్లు వాటిని అనువదించి, ఫలానా వీధి ఎక్కడుందో గుర్తుపట్టి సహాయక బృందాలకు అందించారు. అధికారిక మ్యాపులో లేని సందు పేరు అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు మాత్రమే తెలుస్తుంది. మీ వాళ్లు బయట ఎక్కడెక్కడ ఉన్నారో ముందే చూసుకోండి. అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోని మనిషిని ఎంచుకోండి.

మూడో అడుగు: గ్రూపులు రెండే

సమాచారం చెప్పడానికి ఒకటి, సాయం అడగడానికి ఒకటి. మొదటిదాంట్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. రెండోదాంట్లో గుడ్ మార్నింగులు, దండాలు, "అయ్యో పాపం"లు వద్దని మొదటి రోజే గట్టిగా చెప్పండి. మొహమాటపడితే తర్వాత అసలు మెసేజ్ వాటి కింద పడిపోతుంది.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడదామని కొందరు అంటారు. అందులో ఒక చిక్కుంది: మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకు మాత్రమే ఆ మెసేజ్ చేరుతుంది. మిగతావాళ్లకు చేరలేదని మీకు తెలియను కూడా తెలియదు. గ్రూపే నయం.

చదవలేనివాళ్ల కోసం ప్రతి ప్రకటననూ వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. అర నిమిషం దాటొద్దు. మాట్లాడేవాళ్లు తమ పేరు, తేదీ, సమయం మొదటే చెప్పాలి, మళ్లీ ఎప్పుడు చెబుతారో చివర్లో చెప్పాలి. తేదీ లేని వాయిస్ మెసేజ్ మరుసటి ఏడాది తుపానుకు మళ్లీ తిరుగుతుంది, జనం పరుగులు పెడతారు.

నాలుగో అడుగు: అధికారులకు ముందే తెలియాలి

ఇది చిన్న పనే కానీ వాయిదా వేయొద్దు. మీ ప్రాంతపు కంట్రోల్ రూమ్‌కు వెళ్లి మూడు విషయాలు కనుక్కోండి. వాళ్లు సోషల్ మీడియాలో వచ్చిన రిక్వెస్టులు చూస్తారా? చూస్తే ఏ ఖాతాలో? చూడకపోతే ఏ నంబరుకు, ఏ రూపంలో పంపాలి? 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ మునిగినప్పుడు 911 అనే అత్యవసర నంబరు కలవక వేల మంది ఫేస్‌బుక్, ట్విట్టర్లలో చిరునామాలు పెట్టారు. అధికారులేమో సోషల్ మీడియాలో కాదు, ఫోన్ చేయండని చెబుతూ వచ్చారు. అక్కడ పడవలున్న మామూలు జనం ఆ పోస్టులు చూసి కదిలారు కాబట్టి చాలామంది బయటపడ్డారు. పడవలున్న పొరుగువాళ్లు ప్రతి చోటా ఉండరు.

ఐదో అడుగు: హెచ్చరిక వచ్చాక ఉన్న గంటల్లో

ఫోన్లు, పవర్ బ్యాంకులు నింపండి. మీ ప్రాంతపు మ్యాపును ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పిల్లల జేబుల్లో కూడా పెట్టండి. ఫోన్ సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలు ఆపేసి ఉంటే ఆన్ చేయండి. టవర్ నుంచి నేరుగా ఫోన్లకు వచ్చే సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికకు డేటా అక్కర్లేదు, నెట్‌వర్క్ రద్దీగా ఉన్నా అది వస్తుంది.

తర్వాతది అసలు పని. అధికారిక హెచ్చరికను మీ వాళ్ల మాటలోకి మార్చండి. 2013 నవంబరులో హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ మీదికి వస్తున్నప్పుడు "స్టార్మ్ సర్జ్", అంటే ఉప్పెన, వస్తుందని ముందే హెచ్చరించారు. చాలామందికి ఆ మాట అర్థం కాలేదు. గాలివాన కదా అని ఇళ్లలోనే ఉండిపోయారు. "సునామీ లాగా సముద్రం ఊళ్లోకి వస్తుంది" అని చెప్పి ఉంటే వెళ్లిపోయేవాళ్లమని బతికి బయటపడ్డవాళ్లు తర్వాత అన్నారు. కాబట్టి "5 మీటర్ల ఉప్పెన" అని పెట్టి ఊరుకోకండి. నీళ్లు మన స్కూలు పైకప్పు దాకా వస్తాయి, ఎన్ని గంటలకల్లా బయల్దేరాలి, ఏ దారిన వెళ్లాలి, పశువుల్ని ఎక్కడ వదలాలి అని చెప్పండి. సంఖ్యలు అధికారుల ప్రకటనలోవే ఉండాలి, మీరు పెంచొద్దు, తగ్గించొద్దు.

ఆరో అడుగు: సాయం అడిగే మెసేజ్

ఇక్కడ కాస్త ఆగి చదవండి. "మా కాలనీ మొత్తం మునిగిపోయింది, దయచేసి కాపాడండి, అందరికీ షేర్ చేయండి" అనే మెసేజ్‌తో బోటు నడిపేవాడు ఏం చేయగలడు? ఏ ఊరు, ఏ కాలనీ, ఏ రోజు? ఎంతమంది? ఆ మెసేజ్ లక్షమందికి చేరినా ఒక్కరూ కదలలేరు.

ఇలా రాయండి:

"రిక్వెస్ట్ నంబర్ 12. 14వ తేదీ ఉదయం 6:40. ఏడుగురు ఉన్నారు, ఇద్దరు పసిపిల్లలు, ఒక పెద్దాయన నడవలేరు, డయాలసిస్ రేపటికల్లా జరగాలి. ఊరు, మండలం పేరు. పాత వాటర్ ట్యాంకు వెనక వీధి, పచ్చ గేటు, రెండంతస్తుల మేడ, పైకప్పు మీద ఉన్నారు. నీళ్లు మొదటి అంతస్తు సగానికి వచ్చాయి, పెరుగుతున్నాయి. బోటు కావాలి. వీధి మొదట్లో కరెంటు తీగలు తెగిపడ్డాయి, గుడి వైపు నుంచి రండి. అక్కడి ఫోన్ నంబరు, చార్జింగ్ 20 శాతం. బయట మాట్లాడాల్సిన మనిషి నంబరు."

చిరునామాను మీ వీధి వాళ్లకు అర్థమయ్యేలా రాస్తే చాలదు. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో వేల మందిని కాపాడింది సముద్ర తీరం నుంచి సొంత పడవలతో వచ్చిన జాలర్లు. వాళ్లకు ఆ లోపలి ఊళ్ల సందులు తెలియవు. ఎప్పుడూ ఆ దారిన రాని మనిషి కళ్లతో రాయండి. నీళ్లలో మునగని గుర్తులే చెప్పండి. కిరాణా కొట్టు బోర్డు అప్పటికి నీళ్లలో ఉంటుంది, ట్యాంకు, టవరు, గుడి గోపురం, మసీదు మినార్, చర్చి శిలువ కనిపిస్తాయి.

లొకేషన్ పంపితే ఇంకా మంచిది. ఫోన్‌లోని జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. మ్యాపులో మీరున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశ రేఖాంశాల అంకెలు వస్తాయి, వాటిని కాగితం మీద రాసి పెట్టుకుంటే ఎస్సెమ్మెస్‌లోనూ పంపొచ్చు, ఫోన్లో చదివి వినిపించొచ్చు. లైవ్ లొకేషన్ మాత్రం వద్దు, అది బ్యాటరీని తినేస్తుంది. పైకప్పు మీద కూర్చున్న మనిషి ఎక్కడికీ కదలడు కదా.

ఎస్సెమ్మెస్ గురించి ఒక సాంకేతిక సంగతి. కాల్ కలవనప్పుడు, డేటా రానప్పుడు కూడా చాలాసార్లు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. కానీ ఇంగ్లిష్ లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 స్థానాలే. అందులోనూ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే ఆరు స్థానాలు తీసుకుంటుంది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, సిగ్నల్ బలహీనంగా ఉంటే అందులో ఒక ముక్క చేరకపోవచ్చు. అప్పుడు భాషాభిమానం పక్కనపెట్టి ఇంగ్లిష్ లిపిలోనే తెలుగు రాయండి.

ఏడో అడుగు: ముందు ఎక్కడ, తర్వాత ఎక్కడ

ముందు అత్యవసర నంబరుకు కాల్. చాలా దేశాల్లో 112కు చేస్తే, మీ సిమ్‌కు సిగ్నల్ లేకున్నా అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవర్ మీద కాల్ కలిసే వీలుంది. కలవకపోతే కంట్రోల్ రూమ్‌కు, బయటి మనిషికి ఎస్సెమ్మెస్. ఆ తర్వాతే గ్రూపు. అందరికీ కనిపించే పోస్టు ఆఖరున, అదీ బయటి మనిషే పెట్టాలి, ఎందుకంటే దాని కింద వచ్చే వంద ప్రశ్నలకు జవాబు చెప్పే బ్యాటరీ మీ దగ్గర ఉండదు. అధికారులు ఒక హ్యాష్‌ట్యాగ్ ప్రకటిస్తే దాన్నే వాడండి, సొంతంగా కొత్తది కనిపెట్టకండి.

ఒకే వేదికను నమ్ముకోవడం ప్రమాదం. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల కింద ఉన్నవాళ్ల వివరాలు ట్విట్టర్లో వెల్లువెత్తాయి. 8వ తేదీన అక్కడ ట్విట్టర్‌కు కొన్ని గంటలపాటు అడ్డుకట్ట పడింది. వెతుకులాట ఇంకా నడుస్తున్న సమయంలో!

ఎనిమిదో అడుగు: నెట్‌వర్క్ పూర్తిగా పోతే

2017 సెప్టెంబరులో మరియా హరికేన్ తర్వాత ప్యూర్టోరికో దీవిలో 95 శాతం సెల్ టవర్లు పనిచేయలేదు. కాబట్టి ఇది జరగని పని అనుకోవద్దు. అదే నెలలో ఇర్మా హరికేన్ ముందు జెల్లో అనే వాకీటాకీ యాప్ నెట్ లేకపోయినా పనిచేస్తుందన్న ప్రచారం నమ్మి ఎంతోమంది దించుకున్నారు. దానికి నెట్ కావాలని ఆ కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ యాప్ నమ్మాలన్నా ఒకసారి డేటా, వైఫై రెండూ ఆపేసి వాడి చూడండి, తెలిసిపోతుంది.

సిగ్నల్ లేనప్పుడు ఫోన్ దాని కోసం వెతుకుతూ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. ఒక్క ఫోన్ తప్ప మిగతావన్నీ స్విచాఫ్ చేయండి. వినేవాళ్లు చీటీల మీద రిక్వెస్టులు రాసుకుంటారు, సురక్షితంగా నడవగలిగిన దారి ఉంటే ఒకరు వాటిని పట్టుకుని సిగ్నల్ దొరికే ఎత్తు ప్రదేశానికి వెళ్లి అన్నీ ఒకేసారి పంపుతారు. ఉదయం ఒక వేళ, సాయంత్రం ఒక వేళ అని ముందే అనుకోండి. బయటి మనిషి కూడా సరిగ్గా ఆ వేళకే జవాబులు సిద్ధంగా ఉంచాలి. బ్యాటరీ రేడియో ఒకటి ఉంటే బయటి వార్తలు తెలుస్తాయి.

తొమ్మిదో అడుగు: వదంతులు

వరద వచ్చిన ప్రతిసారీ నీళ్లు నిండిన హైవే మీద ఈదుతున్న సొరచేప ఫొటో తిరుగుతుంది. 2011లో ఐరీన్ హరికేన్‌కు వచ్చింది, 2017లో హార్వీకి మళ్లీ వచ్చింది. అది నవ్వుకుని వదిలేసే రకం. "డ్యామ్ తెగింది" అన్నది అలా కాదు, తొక్కిసలాటకు దారితీస్తుంది.

సరిచూసే మనిషి అడగాల్సినవి: దీన్ని కళ్లారా చూసింది ఎవరు? ఎప్పుడు, ఎక్కడ నుంచి? ఆ మనిషితో నేను ఫోన్లో మాట్లాడగలనా? మూడింటికీ జవాబు దొరక్కపోతే గ్రూపులో పెట్టకండి. "నిజమో కాదో తెలీదు, జాగ్రత్త కోసం పంపుతున్నా" అనే మాట మెసేజ్ కంటే ప్రమాదం, అది పంపినవాళ్ల బాధ్యతను దులిపేసి భయాన్ని మాత్రం ముందుకు తోస్తుంది. వాట్సాప్ మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఖండించేటప్పుడు వదంతిని మళ్లీ పోస్ట్ చేయకండి. "డ్యామ్ భద్రంగా ఉంది, ఉదయం 9 గంటలకు ఇంజనీరు చెప్పారు" అని నిజంతోనే మొదలుపెట్టండి.

సాయం అడిగిన మెసేజ్‌లకూ ఇదే నియమం. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం తర్వాత కాఠ్మండూ లివింగ్ ల్యాబ్స్ అనే సంస్థ నడిపిన క్వేక్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాపులో జనం అవసరాలను నమోదు చేస్తే, వలంటీర్లు ఫోన్లు చేసి సరిచూశారు. ఒక్క కాల్‌తో ఒక హెలికాప్టర్ వృథా ప్రయాణం తప్పుతుంది.

పదో అడుగు: ప్రతి రిక్వెస్ట్‌నూ మూసేయండి

నా దృష్టిలో అందరూ తప్పేది ఇక్కడే. కుటుంబం ఒడ్డుకు చేరి బట్టలు మార్చుకుని టీ తాగుతుంటుంది, వాళ్లను కాపాడమనే మెసేజ్ మాత్రం రెండు రోజులపాటు ఊళ్లు తిరుగుతుంది. ఒక బోటు అక్కడికి వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. ఆ బోటు వెళ్లాల్సింది ఇంకో ఇంటికి.

రిజిస్టరులో ప్రతి నంబరు ఎదురుగా నాలుగు దశలు ఉండాలి: వచ్చింది, సరిచూశాం, పంపాం, పూర్తయింది. "పూర్తయింది" అని రాయాలంటే ఆ ఇంటివాళ్లు స్వయంగా చెప్పాలి, బోటు బయల్దేరిందన్న కబురు చాలదు. వాట్సాప్‌లో మెసేజ్‌ను 15 నిమిషాల్లోపే మార్చగలం, ఇతరులు ఫార్వర్డ్ చేసినదాన్ని అసలే మార్చలేం. అందుకే బహిరంగ పోస్టులో వివరాలన్నీ పెట్టకుండా రిక్వెస్ట్ నంబరు, ప్రాంతం, బయటి మనిషి నంబరు పెట్టండి. ఎవరు ఫోన్ చేసినా తాజా పరిస్థితి ఆ మనిషి చెబుతారు. పాత పోస్టు కిందే "12 పూర్తయింది" అని సమయంతో రాయండి.

రిజిస్టరు పక్కనే ఇంకో జాబితా ఉండాలి. ఇప్పటిదాకా ఏ కబురూ రాని ఇళ్లు. మొదటి అడుగులో రాసిన పట్టిక తీసి ఒక్కో ఇంటినీ టిక్ పెట్టుకుంటూ రండి. టిక్ పడని ఇంటివాళ్లు బాగున్నారనుకోవద్దు, అడగలేకపోయారనుకోండి. బోటు ఖాళీ దొరికితే ముందు అటు పంపమని చెప్పండి.

పదకొండో అడుగు: పరువు, భద్రత

"ముగ్గురు ఆడపిల్లలు ఒంటరిగా ఉన్నారు" అని నంబరుతో సహా బహిరంగంగా పెట్టకండి. ఆ వివరం కంట్రోల్ రూమ్‌కు వెళ్తే చాలు. పిల్లల ముఖాలు, ఒంటిమీద సరిగా బట్టలు లేని మనుషుల ఫొటోలు, మృతదేహాలు వద్దు. తప్పిపోయిన పిల్లల ఫొటో తప్పనిసరైతే తల్లిదండ్రుల అనుమతితో పెట్టి, దొరికిన వెంటనే తీసేయండి. కాగితాలు లేని వలస కార్మికులు, ఆక్రమణ స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఫొటోకు, చిరునామాకు భయపడతారు. వాళ్ల భయం అనవసరమని కొట్టిపారేయకండి, ఏం రాయాలో వాళ్లనే అడగండి.

విరాళాల విషయంలో వ్యక్తిగత క్యూఆర్ కోడ్ ఏదీ గ్రూపులోకి రానివ్వొద్దు. సంఘం ఖాతా ఉంటే, ఇద్దరి సంతకంతో నడిచేదైతే, దాన్నే పెట్టండి.

పన్నెండో అడుగు: నీళ్లు తీశాక

నష్టాన్ని శుభ్రం చేయకముందే ఫొటోలు తీయండి: గోడ మీద నీటి గీత, తడిసిన ధాన్యం, చచ్చిన పశువు, ఇంటి ముందు నిలబడ్డ యజమాని. పరిహారం దరఖాస్తుకు పనికొస్తాయి. సోషల్ మీడియాలో పెట్టినది కాక, ఫోన్లోని అసలు ఫొటోనే దాచుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అందులో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. సాయం జాబితాలో పేరు రానివాళ్లను అడిగి రాసుకోవడానికి మళ్లీ ఇల్లిల్లూ తిరగాల్సిందే, గ్రూపులో "ఎవరికైనా రాలేదా" అని అడిగితే గ్రూపులో ఉన్నవాళ్లే చెబుతారు.

తర్వాత బహిరంగ పోస్టుల్లోని ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు తీసేయండి. సాయం గ్రూపును ఖాళీ చేయండి, ప్రకటనల గ్రూపును ఉంచండి. మారిన నంబర్లతో, కొత్తగా వచ్చిన అద్దె ఇళ్లవాళ్లతో పట్టికను మళ్లీ రాసి, పైన తేదీ వేసి, పాత కాపీలు రెండూ చింపేయండి.